కుందేళ్ళకు కోళ్ళ దాణా వద్దు

సంపాదకుల వారికి,

నమస్కారములు. పెరటి కోళ్ళతో పాటు అదే ఆవరణలో నాలుగు కుందేళ్ళను కూడా పెంచుకుంటే ఇంటి ఖర్చులకు ఆసరాగా ఉంటుందని సూచిస్తూ మీ పత్రిక జిల్లా పుటల్లో ఇటీవల ప్రచురించిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. కోనసీమలోనూ, ఏటికి అవతల నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలోనూ కొబ్బరిచెట్ల కింద రెండు పెట్టలూ ఒక పుంజూ తిరగని ఇళ్ళు ఇప్పటికీ తక్కువే కనుక, వాటికి తోడుగా చెవులపిల్లులను తెచ్చుకోవాలన్న ఆలోచన కలగడం సహజమే. పిల్లలున్న ఇళ్ళలో అయితే ఆ ఆలోచన సంతలో అట్టపెట్టెకెక్కి గుమ్మంలోకి వచ్చిన తరువాత గానీ పెద్దలకు తెలియదు. ఆ వ్యాసం ఉద్దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు. అయితే రెండింటికీ ఒకే గూడు సరిపోతుందనీ, కోళ్ళకు వేసిన దాణాలో మిగిలినది కుందేళ్ళు తిని సరిపెట్టుకుంటాయనీ అందులో వచ్చిన రెండు వాక్యాలను నమ్మి ఆచరిస్తే ముందుగా చచ్చిపోయేది కుందేలే. పశువైద్యశాలల్లో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన వాడిగా ఆ రెండు వాక్యాల గురించి కొంత వివరంగా రాయడం అవసరమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

కోళ్ళనూ కుందేళ్ళనూ కలిపి పెంచడం గురించి ఎవరిని అడిగినా రెండు భయాలు చెబుతారు. కోళ్ళ తెగుళ్ళు కుందేళ్ళకు అంటుకుంటాయన్నది ఒకటి, పుంజు పొడిచి చంపుతుందన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ కుందేళ్ళ చావులకు కారణాలు వెతుక్కుంటూ వెళ్ళినప్పుడు నాకు ఎక్కువగా కనిపించినవి ఈ రెండూ కావు; వసారాలో మూతి విప్పి ఉంచిన దాణా బస్తా, రెండింటికీ కలిపి పెట్టిన నీళ్ళ మూకుడు. వీటి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

కుందేలు గడ్డి మీద బతికే జంతువు. దాని పొట్టలో చిన్నపేగు ముగిసే చోట ఉండే అంధనాళం చాలా పెద్దది. నమిలి మింగిన పీచు అక్కడ సూక్ష్మజీవుల వల్ల పులిసి మెత్తని ఉండలుగా బయటకు వస్తుంటే, కుందేలు వాటిని నేరుగా నోటితోనే అందుకొని తిరిగి తింటుంది. తెల్లవారుజామున ఇది చూసి తమ కుందేలుకు ఏదో పాడు అలవాటు పట్టిందని కంగారుగా వచ్చే వారు ఉంటారు. నిజానికి దానికి అవసరమైన విటమిన్లలో కొన్ని ఆ దారినే అందుతాయి కనుక దానిని మాన్పించే ప్రయత్నం చేయకూడదు. ఈ ఏర్పాటు సవ్యంగా నడవాలంటే మేతలో పీచు తక్కువలో తక్కువ 14 శాతం ఉండాలి, గడ్డి పగలూ రాత్రీ అందుబాటులో ఉండాలి. మొక్కజొన్న, నూక, సోయా చెక్క ప్రధానంగా తయారయ్యే కోళ్ళ దాణాలో పీచు అందులో సుమారు సగమే ఉంటుంది, పిండి పదార్థం మాత్రం దండిగా ఉంటుంది. అది కుందేలు అంధనాళంలోకి చేరినప్పుడు మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గి, విషం పుట్టించేవి పెరిగి, పొట్ట ఉబ్బి, నీళ్ళ విరేచనాలు పట్టుకుంటాయి. పాలు మానిపించిన కొత్తలో ఉన్న పిల్లలైతే ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతాయి. రాత్రి బాగానే ఉన్నది తెల్లారేసరికి చచ్చిపోయిందని చెప్పే చాలా కథల వెనుక గుప్పెడు కోళ్ళ దాణా ఉంటుంది.

గుడ్ల కోళ్ళ దాణాతో మరో చిక్కు ఉంది. పెంకు గట్టిగా ఉండడానికి అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం వరకు ఉండేలా కలుపుతారు. కుందేలుకు 1 శాతం లోపు చాలు. చాలా జంతువులు తమకు కావలసినంత కాల్షియాన్ని మాత్రమే పేగు నుంచి తీసుకుంటాయి గానీ, కుందేలు మేతలో ఉన్న దానిలో ఎక్కువ భాగాన్ని రక్తంలోకి తీసుకొని, మిగులును మూత్రం గుండా వదిలిస్తుంది. అందుకే ఇటువంటి దాణా తినే కుందేలు మూత్రం సున్నం కలిపిన నీళ్ళలా చిక్కగా, తెల్లగా పడుతుంది. నెలల తరబడి అదే తింటే మూత్రాశయంలో రాళ్ళు తయారవుతాయి.

వీటన్నింటికంటే తీవ్రమైనది దాణాలో కలిపే మందు సంగతి. కోడిపిల్లలకు రక్తపు విరేచనాలు తెచ్చే కాక్సిడియోసిస్ రాకుండా, బజారులో దొరికే బ్రాయిలర్ దాణాల్లోనూ పిల్లల దాణాల్లోనూ సాధారణంగా ముందే ఒక మందు కలిపి ఉంటుంది. సాలినోమైసిన్, మోనెన్సిన్, నారాసిన్, మదురామైసిన్ ఈ కోవకు చెందినవి. కణాల పొరల గుండా లవణాల రాకపోకలను తలకిందులు చేసి ఇవి పరాన్నజీవిని చంపుతాయి. కోడి శరీరం ఆ మోతాదును తట్టుకుంటుంది, కుందేలు శరీరం తట్టుకోలేదు. దాని గుండె కండరాలు, కాళ్ళ కండరాలు దెబ్బతింటాయి. ముందు మేత ముట్టడం మానుతుంది, తరువాత వెనుక కాళ్ళు ఈడుస్తుంది, చివరికి తల కూడా నిలపలేక ఒక పక్కకు పడిపోతుంది. దీనికి విరుగుడు మందు లేదు. దాణా ఆపి, నీళ్ళు, సెలైన్ పట్టించి, తేరుకుంటుందేమో చూడడమే. గుర్రాలకైతే మోనెన్సిన్ మరింత భయంకరమైన విషం. పందేలకు గుర్రాలను పెంచే వారు కోళ్ళ దాణాను వాటి పాక ఛాయలకు రానివ్వరు. మన ఊళ్ళలో కుందేలు ఇలా చనిపోతే దిష్టి తగిలిందనో, ఎండదెబ్బ అనో, ఏ పురుగో ముట్టిందనో అనుకొని పాతిపెట్టేస్తాం, బస్తా మాత్రం అక్కడే ఉంటుంది, తరువాతి కుందేలూ అదే తింటుంది.

కోళ్ళ పరిశ్రమ ఇంతగా పెరిగిన మన జిల్లాలలో ఈ ప్రమాదం ఎక్కువ కావడానికి మరో కారణం ఉంది. అనపర్తి, బిక్కవోలు, తణుకు పరిసరాలలో పెద్ద ఫారాలు ఉన్నందువల్ల దాణా ప్రతి చోటా సులభంగా దొరుకుతుంది. చిల్లర దుకాణాల్లో బస్తా విప్పి కిలోల లెక్కన విడిగా కూడా అమ్ముతారు. విడిగా కొన్న దాణాకు చీటీ ఉండదు. అది పిల్లల దాణాయో, గుడ్ల కోళ్ళ దాణాయో, అందులో మందు కలిసిందో లేదో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. ఇంట్లో పండిన నూకలు, చిట్టు, తవుడు వేసి కోళ్ళను పెంచుకునే వారికి ఈ మందుల భయం లేదు. కానీ తవుడు, నూకలు కూడా కుందేలుకు ప్రధానమైన మేత కావు. పెట్టదలచుకుంటే గడ్డి కడుపునిండా తిన్న తరువాత ఒక చిన్న గుప్పెడు తవుడు, అంతే.

నీళ్ళ మూకుడు సంగతి కూడా ఇటువంటిదే. కోడి తుమ్మినా, ముక్కు కారినా, మందుల షాపు నుంచి తెచ్చిన గొట్టం మాత్రను (క్యాప్సూల్) విప్పి ఆ పొడిని నీళ్ళలో కలపడం మన పల్లెల్లో మామూలు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్ వంటి మందులను కోళ్ళు తట్టుకుంటాయి. అవే కుందేలు నోటి గుండా లోపలికి వెళితే అంధనాళంలో మేలు చేసే సూక్ష్మజీవులన్నీ చచ్చి, క్లాస్ట్రీడియం అనే ప్రమాదకరమైన క్రిమి విజృంభించి, అది విడిచే విషంతో కుందేలు చనిపోతుంది. లింకోమైసిన్ పొరపాటున కుందేళ్ళ మేతలో కలిసినందువల్ల మందలకు మందలే చనిపోయిన ఉదంతాలు పశువైద్య పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి. కనుక రెండింటికీ నీళ్ళ పాత్రలు వేరుగా ఉండాలనడం చాదస్తం కాదు. పెట్ట ఎలాగూ మూకుడులో కాళ్ళు పెట్టి నీళ్ళను మురికి చేస్తుంది. కుందేలు గూటికి సీసాను తలకిందులుగా కట్టి, చివర బంతి ఉండే గొట్టం అమర్చుకుంటే ఆ బాధ కూడా తప్పుతుంది.

పురుగుల మందు విషయంలో ఒక హెచ్చరిక. కోళ్ళకు పేలు పట్టినా, కుక్కకు గోమార్లు పట్టినా చేతికందిన మందు చల్లే అలవాటు మనది. వరిలో కాండం తొలిచే పురుగుకు వాడే ఫిప్రోనిల్‌ను కుక్కల మీద చల్లే స్ప్రేలలోనూ వాడతారు. అది కుందేలుకు ప్రాణాంతకం. కోళ్ళకు కూడా వాడరాదు. 2017లో ఐరోపా దేశాలలో ఈ మందు అవశేషాలు గుడ్లలో బయటపడి కోట్ల సంఖ్యలో గుడ్లను పారవేయవలసి వచ్చింది. కుందేలు చెవి లోపల గజ్జి పొక్కులు కట్టినప్పుడు ఐవర్‌మెక్టిన్ పనిచేస్తుంది, కానీ మోతాదును బరువును బట్టి పశువైద్యుడే నిర్ణయించాలి.

ఇక తెగుళ్ళ గురించిన భయం. కాక్సిడియోసిస్ కోళ్ళకూ వస్తుంది, కుందేళ్ళకూ వస్తుంది కనుక ఒకదాని నుంచి మరొకదానికి పాకుతుందని చాలామంది, కొందరు చదువుకున్న వారు సైతం, నమ్ముతారు. ఈ వ్యాధిని తెచ్చే ఐమీరియా అనే పరాన్నజీవి జాతులు ఏ జంతువువి ఆ జంతువుకే పరిమితం. కోడిపిల్ల పేగును పుండు చేసే ఐమీరియా టెనెల్లా కుందేలులో పెరగదు. కుందేలు కాలేయం మీద తెల్లని మచ్చలు తెచ్చే ఐమీరియా స్టీడే కోడికి రాదు. కుందేలు పిల్లలకు ఆ వ్యాధి వచ్చేది వాటి తల్లుల పెంటికల నుంచి, తడిసిన నేల నుంచి. వానాకాలంలో మన డెల్టా నేల రోజుల తరబడి ఆరదు. ఆ వెచ్చని తడిలో పరాన్నజీవి కొద్ది రోజుల్లోనే అంటుకునే స్థితికి చేరుకుంటుంది. కోళ్ళను నిందించి ఊరుకుంటే నేల ఆరదు. గూడును నేల మీద నుంచి లేపి, కింద జాలీ అమర్చి, పెంటికలు కిందకు రాలిపోయేలా చేయడమే అందుకు మార్గం.

కొక్కెర తెగులు (రాణీఖేత్), కోళ్ళ మశూచి కుందేళ్ళ జోలికి రావు. కానీ కుందేళ్ళున్నా లేకున్నా కోడిపిల్లలకు కొక్కెర తెగులు రాకుండా మొదటి వారంలో కంటిలో చుక్కల టీకా, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా వేయించడం మరిచిపోకూడదు. పెరటి కోళ్ళలో నష్టం ఎక్కువగా కలిగించేది ఇప్పటికీ కొక్కెర తెగులే. నిజంగా రెండింటికీ సంబంధించినవి వేరే ఉన్నాయి. పాశ్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా చాలా కుందేళ్ళ ముక్కులో ఏ బాధా కలిగించకుండా ఉంటుంది. ఎండకు, అమ్మోనియా వాసనకు, ఇరుకుకు కుందేలు నీరసించినప్పుడు తుమ్ములు, చీమిడి, ముందు కాళ్ళ వెంట్రుకలు అట్ట కట్టడం మొదలవుతాయి. కోళ్ళలో కలరా తెచ్చేది కూడా అదే బ్యాక్టీరియా. రెండింటిలోనూ కనిపించే రకాలు చాలావరకు వేరైనా, చీమిడి కారే కుందేలును కోళ్ళ మధ్య వదలకపోవడమే మంచిది. సాల్మొనెల్లా విషయంలో దారి ఇటు తిరుగుతుంది: కోడి పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే రెట్టలో ఆ క్రిమిని వదులుతుంది, ఆ రెట్ట పడిన గడ్డి తిన్న కుందేలు, ముఖ్యంగా చూలుతో ఉన్నది, జబ్బుపడుతుంది. ఈ క్రిమి మనుషులకూ అంటుకుంటుంది కనుక, కోళ్ళనూ కుందేళ్ళనూ ఎత్తుకొని ఆడిన పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించకుండా అన్నం పెట్టకూడదు.

బర్డ్ ఫ్లూ గురించి మన ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ, తణుకు మండలం వేల్పూరులోనూ చనిపోయిన కోళ్ళలో ఆ వైరస్ ఉన్నట్లు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారించినప్పుడు, 1 కిలోమీటరు పరిధిలో కోళ్ళను చంపి పూడ్చవలసి వచ్చింది, 10 కిలోమీటర్ల వరకు నిఘా పెట్టారు. అటువంటి పరిస్థితిలో కోళ్ళతో పాటు వాటి గుడ్లు, దాణా, గూటి కింది ఊక కూడా నాశనం చేస్తారు. కుందేళ్ళు వేరే గూటిలో, వేరే గడ్డితో ఉన్న ఇంటికి ఆ రోజున పని సులువవుతుంది. రెండూ కలిసి ఒకే ఊక మీద తిరిగే ఇంట్లో ఏది ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు. కొల్లేటికి శీతాకాలంలో వలస పక్షులు వచ్చే ప్రాంతానికి ఇంత దగ్గరలో ఉంటూ, కోసిన చేలలో బాతుల మందలను తిప్పుకుంటూ ఉన్న మనం ఈ మాత్రం ముందుచూపు పాటించవలసిందే. బాతులను మాత్రం కుందేళ్ళ దరిదాపులకు అసలు రానివ్వకూడదు. అవి ఉన్న చోట నేల ఎప్పుడూ తడే. తడి నేల మీద కుందేలు పాదాల అడుగున పుండ్లు పడతాయి.

మరి ఒకే పెరడులో రెండింటినీ ఎలా ఉంచాలి? నా సమాధానం చిన్నది: కుందేలు పైన, కోడి కింద. నేల నుంచి సుమారు మూడు అడుగుల ఎత్తున జాలీ గూళ్ళు కట్టి కుందేళ్ళను ఉంచితే, పగలు కోళ్ళు ఆ కింద కాళ్ళతో గీరుతూ పెంటికల్లో పుట్టే ఈగల పురుగులను ఏరుకుంటాయి. ఆ విధంగా ఈగలు తగ్గుతాయి, కోళ్ళకు కొంత మాంసకృత్తులూ దొరుకుతాయి. కోడి రెట్ట కుందేలు మేతలో పడే వీలుండదు, కోళ్ళకు చల్లిన దాణా కుందేలుకు అందదు. అయితే గూళ్ళ పైకప్పు మీద కోళ్ళు ఎక్కి కూర్చోకుండా కప్పును ఏటవాలుగా, నున్నగా ఉంచాలి. కోళ్ళు గీరినప్పుడు లేచే ధూళి, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా గూళ్ళలో నిలవకుండా చుట్టూ గాలి ఆడాలి. అందుకని పెంటను వారానికి ఒకసారైనా తీసి కొబ్బరి పాదుల్లోనో, కూరగాయల మడుల్లోనో వేయాలి. ఆ పెంటికలను ఆవు పేడలా మాగబెట్టకుండానే వేయవచ్చు, మొక్కలకు మాడు పట్టదు. గూటి కాళ్ళ కింద నీళ్ళ మూకుళ్ళు పెట్టడం మాత్రం తప్పనిసరి. కళ్ళు తెరవని, వెంట్రుకలు లేని పసి కుందేళ్ళను ఎర్ర చీమలు ఒక్క రాత్రిలో తినేస్తాయి. గూటి అడుగు మొత్తం జాలీయే అయితే పాదాలు కోసుకుపోతాయి కనుక, ఒక మూల చెక్క ముక్క వేయాలి.

పుంజు భయానికి కూడా ఈ ఏర్పాటే మందు. కుందేలు ఈనిన తరువాత పది పన్నెండు రోజుల వరకు పిల్లల కళ్ళు తెరుచుకోవు. ఎర్రగా కదిలే దేనినైనా పొడిచి చూడడం కోడి స్వభావం, కనుక పిల్లలున్న పెట్టె కోళ్ళకు అందుబాటులో ఉంటే అవి మిగలవు. తల్లి రోజుకు ఒకటి రెండు సార్లు, అదీ కొద్ది నిమిషాలే పాలిచ్చి వెళ్ళిపోతుంది, కాపలా ఉండదు. మరో వైపు, మగ కుందేలు కోడిపెట్టల మీదకు ఎక్కి వాటిని ఊపిరాడనివ్వకుండా తరమడం కూడా ఉంది. దానిని విడిగా ఉంచాలి. సంక్రాంతి కోసం బాదంపప్పుతో, కీమాతో పెంచే పందెం పుంజు దగ్గర కుందేలును వదలడం గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఆ పందేలే చట్టవిరుద్ధం, అది వేరే లేఖకు సరిపోయే విషయం. కోళ్ళ తోడు ఉంటే కుందేలుకు ఒంటరితనం ఉండదని చెప్పేవారున్నారు. కుందేలుకు తోడు కావలసింది మరో కుందేలు. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన రెండు ఆడ కుందేళ్ళు ప్రశాంతంగా ఉంటాయి.

మీ వ్యాసంలో వేసవి ప్రస్తావన లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. కుందేలు శరీరానికి చెమట పట్టదు, వేడిని ప్రధానంగా చెవుల గుండా వదులుకుంటుంది. దానికి సుఖంగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల మధ్య. 35 దాటితే రొప్పుతుంది, మగవాటిలో వీర్యం పాడై కొన్ని వారాల పాటు చూలు నిలవదు. రోహిణి కార్తెలో రాజమహేంద్రవరం వైపు 40 డిగ్రీలు దాటడం, సముద్రం వైపు ఉక్కపోత పెరగడం ఏటా చూస్తున్నదే. కోళ్ళ కోసం వేసిన రేకుల షెడ్డు మధ్యాహ్నం కోళ్ళకే కష్టం, కుందేళ్ళకు అది చితి. తాటాకు లేదా కొబ్బరాకు కప్పు, దాని మీద చెట్టు నీడ, మధ్యాహ్నం గూటి పక్కన తడిపి వేలాడదీసిన గోనెపట్టాలు, రోజంతా చల్లని నీళ్ళు ఉండాలి. కొత్తగా మొదలుపెట్టేవారు వేసవి ముందు కాకుండా, వానలు తగ్గిన కార్తీకంలో కుందేళ్ళను తెచ్చుకుంటే అవి ఎండలు వచ్చే నాటికి కుదురుకుంటాయి.

లంక గ్రామాల వారు మరో సంగతి ఆలోచించాలి. 2022 జూలైలో వచ్చినటువంటి వరదలో కోళ్ళు దూలాల మీదకో, చెట్ల మీదకో ఎగిరి కూర్చుంటాయి. కుందేలు ఎక్కలేదు, నేలలో బొరియ చేసుకొని ఉంటే మునిగిపోతుంది. గూడును కాళ్ళకు మేకులతో బిగించకుండా, ఇద్దరు మనుషులు ఎత్తి పడవలోనో, ఏటిగట్టు మీదకో చేర్చేలా విడిగా కట్టుకోవడం మంచిది. అలా గట్టు మీదకు చేర్చిన రోజుల్లో కూడా తడిసిన, బూజు పట్టిన వరిగడ్డిని పెట్టకూడదు.

మేత కోసం దాణా బస్తా వైపు చూడవలసిన అవసరం మన డెల్టాలో అసలు లేదు. సార్వా (వానాకాలపు వరి) కోతల తరువాత చల్లే పిల్లిపెసర కుందేళ్ళకు ఎంతో మంచి మేత; కొద్దిగా వాడబెట్టి పెడితే పొట్ట ఉబ్బరం ఉండదు. గరిక, పారా గడ్డి, అవిసె ఆకు, మునగాకు, చిలగడదుంప తీగ, తోటకూర ఉన్నాయి. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉన్నందువల్ల దానిని మొత్తం మేతలో కొద్ది భాగానికే పరిమితం చేయాలి. అన్నింటికంటే ముఖ్యంగా, దాళ్వా (రెండో పంట వరి) చేల గట్ల మీద కోసిన గడ్డి మంచిదే గానీ, పక్క చేలో పురుగుమందు ఎప్పుడు కొట్టారో అడగకుండా కోయకూడదు; గట్ల మీద కలుపు మందు కొట్టే అలవాటు కూడా ఈ మధ్య బాగా పెరిగింది.

ఆదాయం గురించి రెండు మాటలు. అమ్మిన కుందేళ్ళను, వాటి పిల్లలను తామే తిరిగి కొంటామని చెప్పి ముందుగా పెద్ద మొత్తం కట్టించుకునే పథకాలు ఇతర రాష్ట్రాలలో చాలా మందిని ముంచాయి. కొనేవాడు కనిపించకపోతే ఆ కుందేళ్ళు నెలకొక కాన్పుతో మీ ఇంట్లోనే పెరుగుతూ పోతాయి. పెంపకానికి తెచ్చేది న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా వంటి పెంపుడు జాతులే అయి ఉండాలి. లంకల్లో, పొలాల్లో దొరికే అడవి కుందేలును పట్టి గూటిలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా అది పెంపుడు కుందేలుతో జతకట్టదు.

కనుక మీ పత్రికను నేను కోరేది ఏమిటంటే, ఆ వ్యాసంలోని రెండు వాక్యాలకు సవరణ ప్రచురించి, కోళ్ళ దాణా కుందేళ్ళకు పెట్టకూడదన్న మాటను అదే పుటలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. పశుసంవర్ధక శాఖ వారు పెరటి కోళ్ళ పిల్లలను డ్వాక్రా మహిళలకు పంపిణీ చేసేటప్పుడు, దాణాలోని మందుల పేర్లు, అవి ఏ జంతువులకు పనికిరావో తెలుగులో రాసిన ఒక చిన్న కాగితం కూడా ఇవ్వాలి. దాణా తయారీదారులు బస్తా మీద ఈ హెచ్చరికను ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో కాక, తెలుగులో స్పష్టంగా ముద్రించేలా ప్రభుత్వం చూడాలి. అది జరిగే లోపు, మీరు సవరణ ప్రచురించే రోజున బస్తా మూతి దగ్గర కుట్టి ఉండే చీటీ ఫోటోను, అందులో మందు పేరు ఉండే చోట గుర్తు పెట్టి, ఆ పేర్లను పక్కన తెలుగులో రాసి ప్రచురించగలిగితే, ఇంగ్లీషు చదవలేని వారు కూడా తమ ఇంట్లోని బస్తాను ఆ ఫోటోతో పోల్చి చూసుకోగలుగుతారు.

ఇట్లు,
విశ్రాంత పశువైద్యాధికారి,
రాజోలు, కోనసీమ